పడు ఇంట పుట్టిన పాటు

సందేహం: ఇంగ్లీషు గ్రామర్‌లో క్రియ నామవాచకంగా ఎలా మారుతుందో చెబుతూ అరైవ్–అరైవల్, డిసైడ్–డెసిషన్, గ్రో–గ్రోత్ అని బోర్డు నిండా రాశాను. ‘తెలుగులో ఎలా మారుతుంది టీచర్?’ అని ఓ పిల్లాడు అడిగాడు. రావడం, పెరగడం అంటూ ‘డం’ తప్ప నాకేమీ తోచలేదు. మనకున్నది అదొక్కటేనా?
– ఒక ఉపాధ్యాయిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, వాన పడ్డప్పుడల్లా మన పేపర్లలో ‘రైళ్ల రాకపోకలకు అంతరాయం’ అని వస్తుందే, చూడలేదా? అరైవల్‌కి రాక, డిపార్చర్‌కి పోక. గ్రోత్‌కి పెరుగుదల. కోర్టువారి డెసిషనైతే తీర్పు. ఇక కోత, కోరిక, గెలుపు, ఓటమి, అమ్మకం, రాబడి... చిన్నయసూరి బాలవ్యాకరణంలో కృదంత పరిచ్ఛేదం, అంటే క్రియల నుంచి పుట్టే మాటల అధ్యాయం, ఓసారి తిరగెయ్యండి.

వీటన్నిటిలో నాకు ముద్దొచ్చేది ‘పాటు’. పడు ధాతువులో అచ్చు సాగి, డకారం టకారమై పాటు అయింది. చెడు చేటైనదీ ఇదే దారిన. ఇంగ్లీషులో సింగ్ నుంచి సాంగ్ కూడా అంతే, తోకేమీ తగిలించుకోకుండా లోపలే మారింది. మన పాటుది పెద్ద సంసారం. ఏర్పడితే ఏర్పాటు, అలవడితే అలవాటు, పొరపడితే పొరపాటు, తడబడితే తడబాటు, కట్టుబడితే కట్టుబాటు, తిరగబడితే తిరుగుబాటు!

మన ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ 1910లో ఏమన్నారు?

‘పాడి పంటలు పొంగిపొర్లే
దారిలో నువు పాటుపడవోయి
తిండి కలిగితే కండ కలదోయి
కండ కలవాడేను మనిషోయి’

పండు నుంచి పంట, పడు నుంచి పాటు, తిను నుంచి తిండి. నాలుగు పాదాల్లో మూడు! అందులోనూ ‘పాటుపడు’ చూడండి, పడు అనే తల్లి తన బిడ్డ పాటునే చంకనెత్తుకుంది. పాట పాడు, ఆట ఆడు కూడా ఈ బాపతే. ఆయన ఈ రోజుల్లో ఏ ఆఫీసులోనో గుమాస్తాగా ఉండుంటే ‘పాటుపడడం జరగాలోయి’ అని రాయించేవారు మనవాళ్లు. ‘సమావేశం ప్రారంభించడం జరిగింది’ట! ప్రారంభించారు అంటే ఏం పోయింది? ‘సర్దుబాటు’ లాంటి మాట చేతిలో ఉండగా ‘అడ్జస్ట్‌మెంట్ చేసుకున్నాం’ అనేవాళ్లతో నాకు మరో తగాదా.

అలాగని ‘డం’ తప్పనను. ఇంగ్లీషు ‘ఇంగ్’ లాగే అది ఇంచుమించు ఏ క్రియకైనా అతుకుతుంది. మిగతావి అలా కాదు. వచ్చుకు రాక ఉంది కదా అని తెచ్చుకు ‘తేక’ అనలేం. ఇంగ్లీషువాళ్లూ అరైవల్ అంటారు గానీ డిసైడల్ అనరు.

ఏది ఎక్కడ వాడాలంటే గట్టి గీత గీయలేను. ‘మంత్రిగారి రాక కోసం చూశాం’ బాగుంది. ‘మంత్రిగారు మూడు గంటలు ఆలస్యంగా రావడం’ అన్నప్పుడు మాత్రం డం కావాలి. ‘మంత్రిగారు’ అనే కర్తనీ, ‘ఆలస్యంగా’ అనే మాటనీ రాక మొయ్యలేదు, రావడం మోస్తుంది. ‘ఆలస్యపు రాక’ అనొచ్చు కదా అంటారా? అనొచ్చు, కాకపోతే ఎండలో మూడు గంటలు నిలబడ్డవాడు అలా అనడు.