జెకిల్-హైడ్‌ని ‘గోముఖ వ్యాఘ్రం’ అనొచ్చా?

పగలంతా పేషెంట్లకు ప్రాణంపెట్టి వైద్యం చేసి, రాత్రి ఇంట్లో భార్యను కొట్టే పాత్రని మీ అనువాదంలో ‘గోముఖ వ్యాఘ్రం’ అన్నారు. అక్కడ ఆ మాట నప్పదండీ. గోముఖ వ్యాఘ్రం, మేకవన్నె పులి, పయోముఖ విషకుంభం మూడూ కపటానికే చెల్లుతాయి. అంటే మంచి పైపూత, లోపలంతా చెడ్డే. మీ మూలంలో ఉన్నది ‘జెకిల్ అండ్ హైడ్’. అందులో మంచీ నిజమే, చెడూ నిజమే.

ఈ మాట 1886లో వచ్చిన ఆంగ్ల రచయిత స్టీవెన్సన్ నవలికలోది. అందులో జెకిల్ డాక్టరు. తను తయారుచేసిన మందు తాగితే హైడ్ అనే దుర్మార్గుడు అవుతాడు. చాలామంది తిరగేసి రాస్తారు. ఇంకో పొరపాటు, జెకిల్‌ని మచ్చలేని మంచివాడిగా చూపడం. అతనిలో రెండూ కలిసే ఉంటాయి. హైడ్ ఒక్కడే పూర్తి చెడు. ఓ ఉదయం జెకిల్ మందు తాగకుండానే నిద్రలేచి చూసుకుంటే, దుప్పటి మీదున్నది తన తెల్లని పెద్ద చెయ్యి కాదు, నరాలు తేలి, వెంట్రుకలు దట్టంగా ఉన్న హైడ్ చెయ్యి! ఆ అదుపు తప్పడమే ‘జెకిల్ అండ్ హైడ్’ అనే మాటకు ప్రాణం.

కాబట్టి మొదటిసారి ‘జెకిల్-హైడ్ లాంటి మనిషి, ఒకే ఒంట్లో ఇద్దరు’ అని రాయండి. తర్వాత ‘ద్వంద్వ వ్యక్తిత్వం’ చాలు. సంభాషణలో అయితే ‘ఏ పూట ఏ మనిషో తెలీదు’ అనిపించండి. స్కిజోఫ్రీనియా అని మాత్రం రాయకండి, అది వేరే జబ్బు.