‘ఓ మై గాడ్’ అనడం పాపమా అంటే, మా కొట్టు బోర్డు సంగతి చెప్పాలి

“ఊరికే ‘ఓ మై గాడ్’ అంటే మూడో ఆజ్ఞ మీరినట్టేనా?” అని ఒకరు అడిగారు. బైబిల్లోని పది ఆజ్ఞల్లో మూడోది, దేవుని పేరు వ్యర్థంగా పలకొద్దన్నది. నేనైతే అననండి, మా పిల్లల్నీ అననివ్వను. కానీ ఈ ఆజ్ఞ అనగానే అందరూ నాలుక దగ్గరే ఆగిపోతారు. దేవుని పేరు చెడేది నోటి వల్ల కంటే చేతుల వల్లే ఎక్కువ.

మాది సికింద్రాబాద్ మెట్టుగూడలో చిన్న కిరాణా కొట్టు. నాన్న దానికి ‘యెహోవా యీరే’ అని పేరు పెట్టాడు. నీలం రేకు మీద పసుపు అక్షరాలు. బైబిల్లో అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోతే, అతనికి బదులు పొట్టేలు దొరికిన చోటికి పెట్టిన పేరు అది. యెహోవా చూసుకుంటాడని అర్థం.

1994లో నాకు 14 ఏళ్లు. సాయంత్రం పూట కొట్టులో కూర్చునేవాణ్ణి. అప్పుడు మాది చేతి తక్కెడ. పప్పు పోసి, ముల్లు నిలవకముందే పళ్లెం ఎత్తి పొట్లంలోకి వంచేసేవాణ్ణి. కిలోకి నలభై, యాభై గ్రాములు మిగిలేది. నాన్నకి సాయం చేస్తున్నాననే అనుకునేవాణ్ణి.

ఒకరోజు వెనక గల్లీలో ఉండే ఖాలా కందిపప్పు పొట్లం తెచ్చి నాన్న ముందు పెట్టింది. నాన్న తూచాడు. ముల్లు రాళ్ల వైపు ఒరిగింది. గుప్పెడు పప్పు పోస్తే గానీ సరిపోలేదు. ఖాలా గొడవ పడలేదు. “బోర్డు మీద మీ దేవుడి పేరుంది కదా భాయ్, అందుకే నేనెప్పుడూ ముల్లు చూడలేదు” అంది, అంతే.

నాన్న నన్ను కొట్టలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, బోర్డు విప్పి లోపల పెట్టేశాడు. ఆ రాత్రి బైబిల్లో లేవీయకాండము 19వ అధ్యాయం నాచేత పైకి చదివించాడు. 12వ వచనంలో దేవుని పేరున అబద్ధ ప్రమాణం చేసి ఆ నామాన్ని అపవిత్రం చేయొద్దని ఉంది. అదే అధ్యాయం చివర్లో త్రాసులు, గుండ్లు న్యాయంగా ఉండాలని ఉంది. “రెండూ ఒక్కచోటే ఎందుకున్నాయో తెలిసిందా?” అన్నాడు. మర్నాటి నుంచి వారం రోజులు, గుర్తున్న ప్రతి ఇంటికీ పప్పు పొట్లాలు పట్టుకుని తిరిగాను. ఎందుకిస్తున్నానో ప్రతి గుమ్మం దగ్గరా నేనే చెప్పాలి.

మన బైబిల్లో ‘వ్యర్థముగా నుచ్చరింపకూడదు’ అని ఉంది కాబట్టి మనకు పలకడమే తడుతుంది. హీబ్రూలో అక్కడున్న మాటకి ఎత్తుకోవడం, మోయడం అనే అర్థాలున్నాయి. పలకడంలో యూదుల భయభక్తులంటే నాకెంతో గౌరవం. మనం యెహోవా అనే ఆ నాలుగు హీబ్రూ అక్షరాల పేరు వాళ్ల లేఖనాల్లో 6,800 సార్లకు పైగా ఉన్నా, పైకి చదివేటప్పుడు ‘అదోనాయ్’, అంటే ప్రభువు అనే అంటారు. అయితే ప్రవక్త యెహెజ్కేలు గ్రంథం 36వ అధ్యాయంలో దేవుని బాధ వేరే. తన జనం వాళ్ల నడత వల్లే చెదిరిపోయి, అన్యజనుల మధ్య తన పేరు చెడగొట్టారని.

ఇక్కడ చూడండి. కారు వెనక అద్దం మీద వాక్యం, బండి మాత్రం తార్నాకలో రాంగ్ రూట్‌లో వస్తుంటుంది. ‘పదిమందికి పంపకపోతే దీవెన పోతుంది’ అని వాట్సాప్‌లో బెదిరింపులు. ‘దేవుడు నాతో మాట్లాడాడు’ అంటూ ప్లాట్లు అమ్మేవాళ్లను కూడా చూశాను. వాళ్ల ముందు ‘ఓ మై గాడ్’ ఎంత? యేసు ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం కంటే ముందే ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ అని ఉంది. రోజూ బియ్యం, పప్పు అమ్మేవాణ్ణి, ఆ వరుస నేను మర్చిపోలేను.

ఇప్పుడు కొట్టు నేనే చూస్తున్నాను. డిజిటల్ కాటా వచ్చింది, అంకెలు కొనేవాళ్ల వైపు తిప్పి పెడతాను. నాన్న బోర్డు మళ్లీ బయట కట్టలేదు. లోపలి గోడకి, నేను తూచేటప్పుడు ఎదురుగా కనబడేలా ఉంది.