వానొస్తే బండివాడు ఎక్కడ ఆగాలి?

"మన దగ్గర బైక్ మీద పోయేవాళ్లంటే అందరికీ ఎందుకంత చులకన? బయటి దేశాల్లోనూ ఇంతేనా? మనకున్న హక్కులేంటి?" అని ఒకరు అడిగారు. నాది తిరుపతి. మలేషియాలో నాలుగేళ్లు పనిచేసి వచ్చాను. అక్కడా ఇక్కడా రోజూ బండి మీదే తిరిగాను కాబట్టి కళ్లతో చూసిందే ముందు చెబుతాను.

నా కంపెనీ షా ఆలంలో, గది పెటాలింగ్ జయలో. మధ్యలో ఫెడరల్ హైవే. దాని పక్కనే బైకులకు మాత్రమే వేసిన దారి ఉంది, 1970ల నాటిది. అందులోకి కారు రాదు, లారీ రాదు. పెద్ద రోడ్లు కలిసేచోట ఆ దారి కిందికి దిగి, సన్నటి సొరంగంలోంచి దూరి అవతల తేలుతుంది. చేరిన మొదటి వారమే సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే వాన దంచి కొట్టింది. నా ముందున్న బండ్లన్నీ ఒక వంతెన కిందికి తిరిగాయి, వాళ్ల వెనకే నేనూ. నలభై మందిమి ఉంటాం. చాలామంది జాకెట్‌ను ముందువెనకలు మార్చి తొడుక్కున్నారు, జిప్పు వీపు మీద ఉంది. అలా వేసుకుంటే గాలి రొమ్ముకు కొట్టదట. పక్కనున్నాయన నా ఫోన్ తడవకుండా ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. ఎక్స్‌ప్రెస్‌వేల మీదైతే వానలో బైకులవాళ్లు ఆగడానికని వంతెనల కింద షెడ్లే కట్టి ఉంటాయని ఆయనే చెప్పాడు. తరువాత నేనూ చూశాను. టోల్‌గేటు దగ్గర బండికి డబ్బు కట్టే పని లేదు, ఎడమ పక్క నున్నటి దారి వేరే ఉంటుంది. మన నేషనల్ హైవేల మీదా బైకుకు టోలు లేదు, కానీ నేను దాటే టోల్‌గేట్ల దగ్గర ఆ పక్క సందులో కంకర తేలి ఉంటుంది, లేదంటే ఒక లారీ ఆగి ఉంటుంది.

ఆ రోడ్డు గీసినవాడు బండివాణ్ణి కూడా లెక్కలో పెట్టుకున్నాడు. వానొస్తుంది, వీడు తడుస్తాడు, ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని ముందే ఆలోచించాడు. నా దృష్టిలో గౌరవమంటే అదే. అలాగని మలేషియా స్వర్గమేం కాదు. అక్కడ రోడ్డు మీద పోయే ప్రాణాల్లో సగానికి పైగా బైకులవాళ్లవే. రాత్రిళ్లు రేసులు పెట్టే కుర్రాళ్లను "మాట్ రెంపిట్" అంటారు, వాళ్ల పుణ్యాన మామూలు బండివాణ్ణీ అనుమానంగా చూసేవాళ్లున్నారు.

ఇక మన ఊరి సంగతి. రెండేళ్ల కిందట లీలామహల్ సర్కిల్ దాటి మెల్లిగా వస్తున్నాను. పక్కన ఆపి ఉన్న కారు డ్రైవరు వైపు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. బ్రేకు పట్టేలోపే హ్యాండిల్ తలుపు అంచుకు కొట్టుకుంది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది, కాలర్‌బోన్ విరిగింది. ఆయన దిగి మొదట చూసుకున్నది తలుపుకు సొట్ట పడిందా అని. "సందుల్లో దూరతారప్పా వీళ్లు! ఇంత పెద్ద కారుండాది, కనపళ్లేదా?" అన్నాడు. పంచాయితీకి వచ్చిన పెద్దమనుషులు లైసెన్సు ఉందా, ఇన్సూరెన్సు ఉందా అని నన్నే అడిగారు. వెనక చూడకుండా తలుపెందుకు తీశావని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. చివరికి టీ అంగడి అక్క ముందుకొచ్చింది. "నేను చూసినా సార్, ఆ పిల్లోడు నిదానంగానే వస్తా ఉండాడు. తలుపు తీసింది ఈయనే" అంది. ఆ అక్క లేకపోతే తప్పు నా నెత్తినే పడేది.

మంచంలో ఉన్న ఆరు వారాలూ వేరే దేశాల్లో దీనికేం చేశారో వెతికి చదివాను. బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ (వాళ్ల రోడ్డు రూల్స్ పుస్తకం) మార్చారు. ఎవరి వాహనం ఎదుటివాడికి ఎక్కువ హాని చేయగలదో వాళ్లదే ఎక్కువ బాధ్యత అని అందులో రాశారు. కారు తలుపును దూరపు చేత్తో తీయమనీ చెప్పారు. స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి డ్రైవరు ఎడమ చేత్తో తీయాలి. అలా తీస్తే భుజం తిరుగుతుంది, దాంతో తల తిరుగుతుంది, వెనక వచ్చే బండి కనపడుతుంది. మనదీ కుడి స్టీరింగే. పైసా ఖర్చు లేని పని.

నన్ను తిట్టిన ఆ "సందుల్లో దూరడం" సంగతికొస్తే, కాలిఫోర్నియాలో 2017 నుంచి రెండు వరుసల కార్ల మధ్య బైకు పోవడానికి చట్టమే ఒప్పుకుంది. జర్మనీలో కుదరదు, కార్ల వెనకే నిలబడాలి. ఏది మంచిదన్న వాదన అలా ఉంచితే, రెండుచోట్లా రూలు ఏమిటో కారువాడికీ తెలుసు, బండివాడికీ తెలుసు. మనకు రోడ్డంతా సందే, గుద్దుకున్న తరువాత మాత్రం తప్పు బండివాడిది.

అమెరికాలో బైకర్ల సంఘాలు కొన్ని హెల్మెట్ పెట్టుకోకపోవడమే హక్కని దశాబ్దాలుగా పోరాడుతున్నాయి. ఇల్లినాయ్, అయోవా, న్యూహాంప్‌షైర్‌లలో ఇప్పటికీ హెల్మెట్ చట్టం లేదు. నేను దీన్ని ఒప్పుకోను. యూరప్ సంఘాలు పట్టుకున్న విషయం నాకు నచ్చింది. రోడ్డు పక్క ఇనుప బ్యారియర్ కారును ఆపుతుంది, కానీ కిందపడి జారిపోయే మనిషిని దాని స్తంభం కోసేస్తుంది. కింద ఇంకో రేకు బిగించమని వాళ్లు అడిగారు, చాలాచోట్ల సాధించారు. ఈసారి చిత్తూరు రోడ్డులో పోయేటప్పుడు ఆ స్తంభాల వైపు ఒకసారి చూడండి.

బండిని ఆపిన ప్రతిసారీ అవమానమనీ అనుకోను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపాక తిరుమల ఘాట్‌లో రాత్రిపూట టూవీలర్లను ఆపేశారు. కారణం చెప్పి ఆపారు, అర్థమైంది.

హక్కుల గురించి అడిగారు కాబట్టి మన చట్టంలో పనికొచ్చేవి చెబుతాను. లైసెన్సు ఉన్న బండి ఓనరుకు 15 లక్షల ప్రమాద బీమా ఉండాలి, పాలసీ కాగితంలో ఆ లైను ఉందో లేదో ఇవాళే చూసుకోండి. పరిహారానికి రోడ్డు ప్రమాదాల కేసులు చూసే ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలని చట్టం. ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో పరిహారం కోయడం కుదరదని, దానివల్లే ప్రమాదం జరిగిందని తేలాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ముగ్గురు ఎక్కమని దీని అర్థం కాదు. తప్పంతా బండివాడిదే అని ఎవరైనా గద్దిస్తే తలొంచుకుని సంతకం పెట్టొద్దని చెబుతున్నా. చుట్టూ ఉన్నవాళ్లలో చూసినవాళ్లెవరో అడిగి ఫోన్ నంబరు రాసుకోండి.

మా బావ ఈమధ్యే కారు కొన్నాడు. ఎడమచేతి సంగతి ఆయనకు పదిసార్లు చెప్పుంటాను. మొన్న కొర్లగుంటలో కారాపి ఎడమ చెయ్యి తలుపు మీద పెట్టాడు, తల వెనక్కి తిరిగింది, ఆగాడు. ముందు బ్యాగు పెట్టుకున్న ఆడపిల్ల స్కూటీ మీద మమ్మల్ని ఒరుసుకున్నట్టే దాటిపోయింది. ఆ తరువాతే తలుపు తీశాడు.