జర్మనీ ఐరన్ క్రాస్ హిట్లర్ పెట్టిన పతకమేనా? సంతలో కనబడితే కొనొచ్చా?

కాదండీ. హిట్లర్ పుట్టడానికి 76 ఏళ్ల ముందు నుంచే ఉంది.

నేనూ మొదట మీలాగే అనుకున్నాను. బెర్లిన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఓ ఆదివారం పాత సామాన్ల సంతకు వెళ్లాను. తుప్పు పట్టిన తాళంచెవుల పక్కన రెండు నల్లటి సిలువలున్నాయి. ఒకదానికి నడిమధ్య కాగితం స్టిక్కర్ అంటించి ఉంది. అది 1939 నాటిదట. నాజీల గుర్తైన స్వస్తికను అలా బయటికి చూపిస్తే అక్కడ కేసు పెడతారు. రెండోది చేతిలోకి తీసుకున్నాను. పైన కిరీటం, మధ్యలో డబ్ల్యూ, కింద 1914. తిప్పి చూస్తే ఓక్ ఆకులు, 1813! ఒకే పతకం మీద వందేళ్ల తేడా ఏంటని బుర్ర గోక్కున్నాను.

1813 అది పుట్టిన ఏడాది. నెపోలియన్ చేతిలో చితికిపోయిన జర్మన్ రాజ్యం ప్రష్యా మళ్లీ యుద్ధానికి దిగుతుంటే రాజు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ దీన్ని మొదలుపెట్టాడు. ఆ ఉత్తర్వు మీద తేదీ మాత్రం మార్చి 10 అని వేయించాడు. అంతకు మూడేళ్ల ముందు చనిపోయిన రాణి లూయీజ పుట్టినరోజు అది. డిజైన్ షింకెల్ అనే ఆర్కిటెక్ట్‌ది. ఇనుమే ఎందుకంటే, ఆడవాళ్లు ఒంటిమీద బంగారం యుద్ధానికిచ్చి ఇనప నగలు పెట్టుకున్న కాలమది. పైగా ఆఫీసరా, మామూలు సిపాయా అని చూడకుండా అందరికీ ఇచ్చారు. నాకైతే దీని చరిత్రలో బాగా నచ్చింది ఇదే.

ఆ తర్వాత 1870, 1914, 1939ల్లో పెద్ద యుద్ధం వచ్చినప్పుడల్లా బయటికి తీశారు. డబ్ల్యూ అంటే విల్‌హెల్మ్, అప్పటి చక్రవర్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో కింది స్థాయి అయిన రెండో తరగతివే సుమారు 50 లక్షలు పంచారు, ఇక విలువేముంటుంది! హిట్లర్‌కీ ఆ యుద్ధంలోనే వచ్చింది. అతనికి మొదటి తరగతి ఇవ్వమని సిఫార్సు చేసిన అధికారి హ్యూగో గుట్‌మన్ యూదుడు.

స్వస్తిక చేరింది 1939లో. 1957 చట్టం వచ్చాక పాత సైనికులు అది లేని నమూనానే పెట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పటి జర్మన్ సైన్యం విమానాల మీద సిలువ గుర్తు ఉంటుంది కానీ, దాన్ని పతకంగా ఇవ్వరు. ధైర్యానికి 2008లో వేరే క్రాస్ పెట్టారు. 2009 జూలైలో తొలిసారి నలుగురు సైనికులకు ఇచ్చారు.

ఇక కొనే సంగతి. నేను 60 యూరోలు పోసి కొన్నాను. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది మాగ్నెట్ ఆనిస్తే అంటుకోలేదు. అసలుదానికి సాధారణంగా మధ్యలో ఇనుము, చుట్టూ రెండు ముక్కల వెండి చట్రం ఉంటాయి. నాది మొత్తం ఒకే పోత, పైన నల్ల పెయింటు. మాగ్నెట్ అంటుకున్నంత మాత్రాన అసలుదని కాదు గానీ, అంటుకోకపోతే మాత్రం అనుమానించాల్సిందే. జేబులో ఒకటి వేసుకెళ్లండి.

తర్వాతి ఆదివారం తిరిగిచ్చేద్దామని వెళ్తే, ఆ బల్ల దగ్గర ఇంకెవరో పింగాణీ కప్పులు అమ్ముతున్నారు.