చిట్టీకి పెద్దమ్మ: ఎవరికి ఏ స్కా ఆల్బం చెప్పాలి

చిట్టీ,

నీ మెసేజ్ చదివాను. మనకిష్టమైన జమైకా డాన్స్ సంగీతం స్కా, దాని ఆల్బంలు ఇరవై లిస్ట్ చేసి గ్రూప్‌లో పెడితే ఒక్కళ్ళూ వినలేదని బాధపడ్డావు కదా. వినరమ్మా, ఇరవై పేర్లు ఒక్కసారి మీద పడితే ఎవరైనా "తర్వాత చూద్దాంలే" అనే అనుకుంటారు, ఆ తర్వాత అనేది ఇంక రాదు. ఒక మనిషికి ఒక్క ఆల్బం చెప్పు. అందులో ముందు వినాల్సిన పాట ఒకటి చెప్పు, ఆ పాటలో చెవి ఎక్కడ పెట్టాలో ఒక్క మాట చెప్పు. నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే, మీ పెదనాన్న షిప్పుల్లో పని చేసే రోజుల్లో ఇంగ్లండ్ నుంచి క్యాసెట్లు తెచ్చేవారు, అవి విశాఖ మహారాణిపేట ఇంట్లో అందరూ కూర్చుని వినేవాళ్ళం, అప్పట్నుంచీ అదే పద్ధతి.

ముందు బీట్ పట్టుకోవడం నేర్పు. అది పట్టుబడకపోతే స్కా అంటే ఏదో హడావుడిగా వాయిస్తున్నారు అనిపిస్తుంది, అంతకు మించి ఏమీ వినపడదు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడుస్తారు కదా మీరంతా, కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ వైపు, అప్పుడు చెయ్యి ఇది: అడుగు పడ్డప్పుడల్లా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క, అడుగుకీ అడుగుకీ మధ్యలో కాలు గాల్లో ఉన్నప్పుడు చప్పట్లు. ఆ చప్పట్లు పడే చోటే స్కాలో గిటారు పడుతుంది. కింద నుంచి పైకి తీగల మీద ఒక్క గీటు, వెంటనే చేత్తో ఆపేస్తారు, "చక్" అని తెగిపోతుంది. పియానో కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. బేస్ మాత్రం ఆగకుండా మెట్లు ఎక్కుతూ దిగుతూ నడుస్తూ ఉంటుంది. రెండు రోజులు ఇలా నడిస్తే వొంటికే తెలిసిపోతుంది, ఇంక ఎవరూ వివరించక్కర్లేదు. ఇంకో సంగతి, ఫోన్ స్పీకర్‌లో ఎవరికీ వినిపించకు. ఆ చిన్న స్పీకర్‌లో బేస్ ఉండదు, బేస్ లేకపోతే సగం పాట లేనట్టే, ఇయర్‌ఫోన్స్ అయినా ఇవ్వు, లేదా నీ బ్లూటూత్ స్పీకర్ పట్టుకెళ్ళు.

ఇప్పుడు ఆల్బంల సంగతి. పాత జమైకా స్కాకి ఆల్బం అడిగితే జాగ్రత్తగా చెప్పాలి, ఏటంటే 1960ల్లో కింగ్‌స్టన్‌లో అది సింగిల్స్ సంగీతం. ఒక్కో పాట ఒక్కో చిన్న రికార్డుగా వచ్చేది, అది వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి డాన్సులు నడిపే సౌండ్ సిస్టమ్‌ల కోసం. వాటిని నడిపేవాళ్ళలో డ్యూక్ రీడ్ ఒకరు, కాక్సన్ డాడ్ ఒకరు, ప్రిన్స్ బస్టర్ ఒకరు, వీళ్ళ మధ్య పోటీ మామూలుగా ఉండేది కాదు. మొదట్లో అమెరికా నుంచి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు తెప్పించుకుని వేసేవాళ్ళు, అవతలివాడికి ఏ పాటో తెలియకూడదని రికార్డు మీద లేబుల్ గీకేసేవాళ్ళు. విల్లిస్ జాక్సన్ అనే శాక్సోఫోన్ ఆయన పాట ఒకటి కాక్సన్ "కాక్సన్ హాప్" అని సొంత పేరు పెట్టుకుని వేసేవాడు, దాని అసలు పేరు కనుక్కోవడానికి డ్యూక్ రీడ్ చాలా కాలం వెతికాడు. అమెరికాలో జనం రాక్ అండ్ రోల్ వైపు వెళ్ళిపోయాక తమకి కావాల్సిన పాటలు దొరక్క వీళ్ళే లోకల్ వాద్యగాళ్ళని పెట్టి రికార్డు చేయించడం మొదలుపెట్టారు, అలా పుట్టింది స్కా. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది, ఆ ఊపంతా ఈ పాటల్లో వినపడుతుంది.

అందుకని ఆ కాలానికి కంపైలేషనే, అంటే విడి పాటలు ఏరి కూర్చిన ఆల్బమే చెప్పు, అదేమీ తక్కువ కాదు. 1962 నుంచి 66 దాకా పాటలు ఏరి ఐలాండ్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు వేసిన "ఇంటెన్సిఫైడ్" మంచిది, ప్రిన్స్ బస్టర్‌కి "ఫ్యాబ్యులస్ గ్రేటెస్ట్ హిట్స్", స్కాటలైట్స్‌కి "ఫౌండేషన్ స్కా". కొంతమంది ఫ్యాన్స్ ఉంటారు, కంపైలేషన్ వినేవాళ్ళు నిజమైన ఫ్యాన్సే కాదు అంటారు, నువ్వు పట్టించుకోకు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట ముందే చెప్పు, అవి ఒకటి రెండు ట్రాకుల మీద అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించిన రికార్డింగులు, ఈ రోజుల పాటలంత నున్నగా ఉండవు అని. ముందు చెప్తే ఆ గరుకే నచ్చుతుంది, చెప్పకపోతే ఫోన్ పాడైందేమో అనుకుంటారు.

స్కాటలైట్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఏ దారిలో వచ్చినవాళ్ళయినా చివరికి వీళ్ళ దగ్గరికి చేరాల్సిందే. 1964లో బ్యాండ్ కట్టారు, 1965లో విడిపోయారు. అంత తక్కువ కాలం. కానీ అప్పటి కింగ్‌స్టన్ స్టూడియోల్లో సగం పాటల వెనక వీళ్ళే ఉంటారు, బాబ్ మార్లీ వాళ్ళ వైలర్స్ మొదటి హిట్ "సిమ్మర్ డౌన్" వెనక వాయించింది కూడా వీళ్ళే. వీళ్ళలో చాలామంది ఆల్ఫా బాయ్స్ స్కూల్ పిల్లలు, క్యాథలిక్ నన్స్ నడిపే స్కూలు, పేద పిల్లలకీ, ఎవరూ లేని పిల్లలకీ. అక్కడ సిస్టర్ ఇగ్నేషియస్ అని ఒకావిడ, ఆవిడకి సంగీతం అంటే ప్రాణం, సొంతంగా రికార్డులు పోగేసి పిల్లలకి వేసి వినిపించేది. ఒక మనిషి శ్రద్ధగా వినిపిస్తే ఏం జరుగుతుందో చూడు, ఒక దేశం సంగీతమే ఆ పిల్లల చేతుల్లోంచి వచ్చింది.

ఆ పిల్లల్లో డాన్ డ్రమండ్ ఒకడు, ట్రాంబోన్ అనే పొడుగాటి ఇత్తడి బాకా వాయించేవాడు. "ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్" విను, స్వరం ఒక రకమైన దిగులుతో మొదలవుతుంది, కింద బీట్ ఎగురుతూ ఉంటే పైన ఈ ట్రాంబోన్ ఒక్కటే తన బాధ తను చెప్పుకుంటూ పోతుంది. ఆ మైనర్ స్వరాలు మన చెవికి కొత్తగా ఉండవు, అందుకే సన్నాయి ఇష్టపడే పెద్దవాళ్ళకి కూడా ఇది ధైర్యంగా వినిపించొచ్చు, నేను మా అత్తగారికి వినిపిస్తే మళ్ళీ వెయ్యమన్నారు. కానీ చిట్టీ, ఈయన గొప్పతనం చెప్పేటప్పుడు మార్గరీటా పేరు కూడా చెప్పాలి. అనీటా మహ్‌ఫూద్ ఆవిడ అసలు పేరు, డాన్సర్, తనే పాడి "ఉమన్ ఎ కమ్" అని రికార్డు కూడా చేసింది. 1965 జనవరి మొదట్లో ఆయన ఆవిడని చంపేశాడు. ఆయన మనసు అప్పటికే బాగాలేదు, ఆస్పత్రిలో పెట్టారు, 1969లో అక్కడే పోయాడు. చాలామంది ఇది "విషాద మేధావి కథ" లాగా చెప్తారు, ఆయన విషాదం గురించే మాట్లాడతారు, ఆవిడ ఎవరో చెప్పరు. నువ్వలా చెయ్యొద్దు. పాట ముందు విననివ్వు, తర్వాత ఆవిడ పాట కూడా వినిపించు.

నీ ఫ్రెండ్స్‌లో చాలామందికి అసలు మొదలు ఇక్కడ కాదు గానీ, ఇంగ్లండ్ దగ్గర. 1979లో కోవెంట్రీ అనే కార్ల ఫ్యాక్టరీల ఊళ్ళో జెర్రీ డామర్స్ టూ టోన్ అని రికార్డు కంపెనీ పెట్టాడు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించే బ్యాండ్లు, అప్పుడు అక్కడ ఉద్యోగాలు పోతున్నాయి, వీధుల్లో జాతి గొడవలు. ఆ కోపమూ ఈ డాన్సూ రెండూ ఒకే పాటలో ఉంటాయి. మన గాజువాక పిల్లలు, ఫ్యాక్టరీ షిఫ్టులూ కాంట్రాక్ట్ ఉద్యోగాలూ చూసి పెరిగినవాళ్ళు, వాళ్ళకి డామర్స్ బ్యాండ్ స్పెషల్స్ మొదటి ఆల్బం ఇవ్వు, అర్థం చెప్పక్కర్లేదు. మొదటి పాట "ఎ మెసేజ్ టు యూ రూడీ", అందులో ట్రాంబోన్ మీద చెవి పెట్టమను. అది వాయించింది రికో రోడ్రిగెజ్, ఆయనా ఆల్ఫా స్కూల్ పిల్లాడే. ఇదే పాటని 1967లో డాండీ లివింగ్‌స్టోన్ పాడినప్పుడు కూడా ట్రాంబోన్ రికోదే! పన్నెండేళ్ళ తర్వాత తన కంటే ఎంతో చిన్నవాళ్ళ పక్కన నిలబడి అదే ముక్క మళ్ళీ వాయించాడు. రెండూ వెంట వెంటనే వినిపించు. మొదటిదానిలో తాపీగా చెప్పే బుద్ధిమాట, రెండోదానిలో కొంచెం హెచ్చరిక. ఈ ఒక్క జతతో నేను ఎంతమందిని స్కాలోకి లాగానో.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది మాత్రం ద బీట్ వాళ్ళ "ఐ జస్ట్ కాంట్ స్టాప్ ఇట్", 1980, బర్మింగ్‌హామ్ బ్యాండ్. కుర్రాళ్ళ బ్యాండ్‌లో శాక్సా అని జమైకా నుంచి వచ్చిన శాక్సోఫోన్ ఆయన, అప్పటికే యాభై ఏళ్ళు, పాట ఎంత పరిగెడుతున్నా ఆయన తొందరపడడు. అమ్మాయిలకైతే సెలెక్టర్ "టూ మచ్ ప్రెషర్", అదీ 1980దే, పాలిన్ బ్లాక్ గొంతు, అందరూ మగవాళ్ళే ఉన్న బ్యాండ్‌లో ఆవిడ ఒక్కతే, ఎవరికీ తగ్గకుండా నిలబడి పాడుతుంది. మ్యాడ్‌నెస్ "వన్ స్టెప్ బియాండ్" మంచి ఆల్బమే, కానీ నేను మొదట ఇవ్వను. అల్లరి ముందు తగిలితే స్కా అంటే అల్లరే అనుకుంటారు, రెండోదిగా ఇస్తే ఆ టైటిల్ పాటా, ఆ బ్యాండ్ పేరూ కూడా ప్రిన్స్ బస్టర్ నుంచే వచ్చాయని చెప్పి అక్కణ్ణుంచి వెనక్కి తీసుకెళ్ళొచ్చు.

మెటల్ వినే ఆ పొడుగు అబ్బాయి ఉన్నాడే, గ్రూప్‌లో ఎప్పుడూ వాదించేవాడు, అతనికి ఇవేవీ వద్దు, ఆపరేషన్ ఐవీ "ఎనర్జీ" ఇవ్వు, 1989, కాలిఫోర్నియా. పంతొమ్మిది పాటలు అరగంట పైచిలుకులో అయిపోతాయి, రికార్డింగ్ గరగరలాడుతుంది, గొంతులు అరుపులే, కానీ గిటారు "చక్" అక్కడే పడుతుంది. పాత సినిమా పాటలు, మెలొడీ కావాలి అనేవాళ్ళకి లాస్ ఏంజెలిస్ హెప్‌క్యాట్ వాళ్ళ "రైట్ ఆన్ టైమ్", 1998, గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం పూట వినాలి. టోక్యో స్కా ప్యారడైజ్ ఆర్కెస్ట్రాకి ఆల్బం కాకుండా లైవ్ వీడియో చూపించు, అంతమంది సూట్లు వేసుకుని ఊదుతూ గెంతుతుంటే ఎవరైనా లేచి నిలబడాల్సిందే. మన దేశంలోనే ఢిల్లీలో స్కా వెంజర్స్ ఉన్నారు, "ఇదంతా మనది కాదు కదా" అనేవాళ్ళకి వాళ్ళని వినిపించు.

ఇచ్చిన తర్వాత వెంటపడొద్దు. విన్నావా విన్నావా అని రోజూ అడిగితే హోంవర్క్ అయిపోతుంది. వారం ఆగు. కలిసినప్పుడు "ఎలా ఉంది" అని కూడా అడక్కు, మొహమాటానికి "బాగుంది" అంటారు, నీకేం తెలుస్తుంది? "ఏ పాట రెండోసారి వేశావు" అని అడుగు. ఆ జవాబులోనే తర్వాత ఇవ్వాల్సింది ఉంటుంది. ట్రాంబోన్ ఉన్న పాట అంటే డ్రమండ్, రికో. గొంతు నచ్చింది అంటే మేటల్స్ అనే జమైకా బ్యాండ్, అందులో పాడిన టూట్స్ గొంతు చర్చిలో పాడిన గొంతు. మాటలు నచ్చాయి అంటే స్పెషల్స్ "ఘోస్ట్ టౌన్", 1981లో అక్కడ ఊళ్ళు తగలబడుతున్నప్పుడు నంబర్ వన్ అయిన పాట. ఏదీ రెండోసారి వెయ్యలేదు అంటే, సరే, ఇంకొక్క ఆల్బం ఇవ్వు, అదీ పట్టకపోతే వదిలెయ్యి, స్నేహం పాటల కంటే ముందు.

ఇంకొకటి. జమైకా, ఇంగ్లండ్ తర్వాత అమెరికాలో వచ్చిన మూడో వేవ్ స్కా అసలు స్కానే కాదు, అది పంక్, అని మీలో మీకు గొడవలవుతున్నాయని రాశావు. ఆ గొడవలో కొత్తగా వచ్చినవాళ్ళ ముందు అస్సలు దిగకు. ఆ మూడో వేవ్ బ్యాండ్ రీల్ బిగ్ ఫిష్ వాళ్ళ "టర్న్ ద రేడియో ఆఫ్" విని ఒక పిల్ల సంబరపడి వస్తే, అది సరైనది కాదు అని చెప్తే ఆ పిల్ల ఇంక ఏదీ చెప్పదు, ఏదీ వినదు. ఆ ఊదే హార్న్స్‌లో నీకేం నచ్చిందో చెప్పమ్మా అని అడిగి, అక్కణ్ణుంచి రికో దాకా తీసుకెళ్ళు. అలా వచ్చినవాళ్ళే ఎక్కువ కాలం నిలబడతారు, నేను చూశాను. అలాగే, వాళ్ళు నీకు ఏదైనా చెప్తే నువ్వూ పూర్తిగా విను, సగంలో ఆపి అభిప్రాయం చెప్పకు. నువ్వు వినకుండా నీవి మాత్రం వినాలంటే ఎలా?

ఈ ఆదివారం ఇంటికి రా, ఆ గాజువాక అబ్బాయినీ, చర్చిలో డ్రమ్స్ వాయించే పిల్లనీ కూడా తీసుకురా. రూడీ రెండు వెర్షన్లూ ముందు వేద్దాం, ఆ పిల్లకి రెండిట్లో డ్రమ్స్ తేడా ఎక్కడుందో తననే చెప్పనిద్దాం, నాకు కూడా వినాలనుంది. స్పీకర్ చార్జ్ పెట్టి తీసుకురా, మా ఇంట్లోది ఒక పక్క వినపడటం లేదు. భోజనం ఇక్కడే, వంజరం చేప తెప్పిస్తాను, వెజ్ వాళ్ళెవరైనా ఉంటే ముందే చెప్పు.

నీ పెద్దమ్మ