షట్‌డౌన్ చేసినా బ్యాటరీ మేలుకొనే ఉంటుంది

ప్రశ్న: 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. ర్యామ్, ఎస్ఎస్‌డీ కొని నేనే వేసుకుందామనుకుంటున్నాను. మా అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌కి వెనక గొళ్లెం జరిపితే బ్యాటరీ ఊడి వచ్చేది. దీనికి లోపలే బిగించేశారు. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేస్తే సరిపోదా?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: సరిపోదమ్మా. ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

సికింద్రాబాద్‌లో పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకాయన ర్యామ్ వేయమని ల్యాప్‌టాప్ ఇచ్చారు. షట్‌డౌన్ చేశాను కదా అని బ్యాటరీని బోర్డుకు కలిపే కనెక్టర్ తీయలేదు. స్క్రూడ్రైవర్ కొసన అంటుకున్న చిన్న స్క్రూ జారి బోర్డు మీద పడింది. చిటుక్కుమని చప్పుడు, ఆవగింజంత మెరుపు. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం చీకటి. తెర వెనక లైటుకు కరెంటు ఇచ్చే ఫ్యూజ్ పోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ రోజు నుంచి కనెక్టర్ తీయకుండా ఏ బోర్డు మీదా చెయ్యి పెట్టలేదు.

పవర్ బటన్ నొక్కగానే ల్యాప్‌టాప్ లేస్తోందంటే, ఆ నొక్కుడు కోసం లోపల ఒక చిప్ ఎప్పుడూ కనిపెట్టుకుని ఉందన్నమాట. దానికి కరెంటు ఇచ్చేది బ్యాటరీయే. అందుకే మనం ఆపేసినా బోర్డు మీద కొన్ని దారుల్లో కరెంటు ఉంటుంది.

ముందు ఛార్జింగ్ 25 శాతం దాకా దించండి. ఏదైనా పొరపాటు జరిగితే బ్యాటరీలో శక్తి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. కొన్ని మోడళ్లలో, ముఖ్యంగా లెనోవో థింక్‌ప్యాడ్‌లలో, బయోస్‌లోనే (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల ప్రోగ్రామ్) లోపలి బ్యాటరీని డిసేబుల్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఉంటే వాడుకోండి. ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా ఛార్జర్ పెట్టకూడదు, పెడితే బ్యాటరీ మళ్లీ లేస్తుంది.

అడుగు మూత స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది లోపలి భాగాల్లోకి దిగిపోతుంది. మూత సందులో ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి. పల్చటి ప్లాస్టిక్ ముక్క చాలు.

మూత తీయగానే నల్లగా పలకలా పరుచుకుని కనిపించేదే బ్యాటరీ. అరచేయి దాని మీద ఆనించకండి. చాలా మోడళ్లలో పైది గట్టి డబ్బా కాదు, పల్చటి సంచి. లోపల ప్లస్, మైనస్ పొరల మధ్య అడ్డుగా ఉండే ప్లాస్టిక్ పొర వెంట్రుక కన్నా పల్చన. అది చిరిగితే రెండూ కలిసిపోతాయి, మంట పుడుతుంది.

బ్యాటరీ నుంచి నాలుగైదు రంగుల వైర్లు బోర్డు మీది తెల్లటి లేదా నల్లటి కనెక్టర్‌లోకి వెళ్తాయి. వైర్లు పట్టుకుని మాత్రం లాగొద్దు. ముందు వంగి ఆ కనెక్టర్‌ని బాగా చూడండి. కొన్ని బోర్డుకు సమాంతరంగా వెనక్కి జరుగుతాయి, కొన్ని నిటారుగా పైకి లేస్తాయి. మొదటి రకాన్ని పైకి లేపితే సాకెట్ బోర్డు నుంచి ఊడిపోతుంది. గోళ్లతో రెండు చివరలా కొద్దికొద్దిగా జరపండి. ఊడాక పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా పోతుంది. ఇక ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసుకోండి, అది సులువు.

అన్నీ బిగించాక పవర్ బటన్ నొక్కితే ఆన్ కాకపోవచ్చు. టెన్షన్ పడకండి, ఛార్జర్ పెట్టి నొక్కండి. బయోస్‌లో డిసేబుల్ చేసిన బ్యాటరీ ఛార్జర్ తగిలితేనే లేస్తుంది.

ప్రశ్న: రోజంతా ఛార్జర్ పెట్టే పని చేస్తాను. వారానికోసారి సున్నా దాకా దించాలంటే అదీ చేస్తున్నాను. ఈ మధ్య టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదు, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోవడం లేదు. రిపేరు ఎంతవుతుంది?
– రిటైర్డ్ లెక్చరర్, రెంటచింతల

జవాబు: మాస్టారూ, ఇది చదువుతుండగానే ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్ ఆపేయండి. ఖర్చు సంగతి తర్వాత. చెడింది టచ్‌ప్యాడ్ కాదు. దాని కింద బ్యాటరీ ఉబ్బి పైకి నెడుతోంది.

ఉబ్బిన బ్యాటరీని నొక్కి మూత బిగించడం, సూదితో గుచ్చి గాలి తీయడం చేస్తామని ఎవరైనా అంటే ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకోండి. అది గాలి కాదు, మండే వాయువు. పరుపులకు, పరదాలకు దూరంగా గచ్చు మీద ఉంచి, వీలైతే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయనివ్వకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే.

సున్నా దాకా దించాలన్న మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ రకానికి ఆ అవసరం లేదు, పైగా నష్టం. దీన్ని ముసలిదాన్ని చేసేవి రెండు: వేడి, ఎప్పుడూ నిండుగా ఉండటం. మీ ఊరి ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. అంత వేడిలో రోజంతా నూటికి నూరు ఛార్జింగ్‌తో ఉంచితే బ్యాటరీ లోపలి ద్రావకం విడిపోయి వాయువు పుడుతుంది. మీ బ్యాటరీకి ఎక్కువగా జరిగింది ఇదే అయ్యుంటుంది.

కొత్త బ్యాటరీ వేయించాక 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా సెట్టింగ్ పెట్టించండి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అని, హెచ్‌పీలో బయోస్ లోపల బ్యాటరీ హెల్త్ మేనేజర్ అని ఉంటుంది. అప్పుడు ఛార్జర్ పెట్టే పని చేసుకున్నా దిగులు లేదు. మంచం మీద దుప్పటిపై పెట్టి మాత్రం వాడకండి, అడుగున గాలి కన్నాలు మూసుకుపోతాయి. ఆరు నెలలకోసారి విండోస్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టి చూడండి. డిజైన్ కెపాసిటీ 45,000 ఉండి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 27,000 చూపిస్తే, బ్యాటరీలో 60 శాతమే మిగిలినట్టు.

ప్రశ్న: మా అబ్బాయి పైచదువులకు వెళ్తూ ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టాడు. ఏడాది దాకా రాడు. అలాగే ఉంచవచ్చా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: సగం ఛార్జింగ్ ఉంచి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి. మిద్దె ఎండ తగిలే అటక వద్దు, ఫ్రిజ్ అసలే వద్దు, తేమ పడుతుంది. మూడు నెలలకోసారి ఆన్ చేసి, 30 శాతం కన్నా తగ్గితే మళ్లీ సగం దాకా ఎక్కించండి. వాడకపోయినా ఛార్జింగ్ మెల్లగా దిగుతూనే ఉంటుంది, మరీ అడుగంటితే మళ్లీ ఎక్కదు.