రంగులు వేయిస్తే అద్దె పెంచొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో 16,000 అద్దెకు ఉంటున్నాం. 11 నెలల అగ్రిమెంట్‌లో ఇంకా ఐదు నెలలుంది. ఓనర్ గారు తుప్పుపట్టిన జీఐ (జింకు పూత ఇనుప) పైపులు మార్పించారు (45,000), రంగులు వేయించారు (35,000), వంటింట్లో కబోర్డులు పెట్టించారు (60,000). వచ్చే నెల నుంచి అద్దె మరో 3,000 పెంచి ఇమ్మంటున్నారు. ఇవ్వక తప్పదా?

జవాబు: లక్షా నలభై వేలనగానే కంగారు పడకండి. ముందు బిల్లును విడదీయండి. పైపులు, రంగులు ఇంటిని ఇల్లుగా నిలబెట్టే మరమ్మతులు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా సున్నాలు, పైపుల మార్పు, వైరింగ్ ఓనర్ వంతనే చెబుతుంది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేర్లు మీ వంతు. రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప ఆ నమూనా అమలు కాదు గానీ, బేరానికి కొలబద్దగా బాగా పనికొస్తుంది. ఇంటికి కొత్త సౌకర్యం చేర్చి అద్దె పెంచాలంటే పని మొదలుపెట్టకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలని, పని పూర్తయిన నెల తర్వాతే పెంపు అమలవ్వాలని అందులో ఉంది.

ఇక మిగిలింది కబోర్డులు. పదేళ్లు మన్నుతాయనుకుంటే 60,000ను 120 నెలలకు పంచితే నెలకు 500. పెట్టుబడి మీద కాస్త వడ్డీ కలిపినా 700 దాటకూడదు. ఒప్పుకునే ముందు సింకు కింద పలక చూడండి. అది పార్టికల్ బోర్డయితే (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) తడికి ఉబ్బిపోతుంది, స్క్రూలు పట్టు వదిలేసి తలుపులు వేలాడతాయి. అప్పుడు మార్పించే ఖర్చు ఎవరిదో ఇప్పుడే రాయించుకోండి.

అగ్రిమెంట్‌లో మధ్యలో పెంచే షరతు లేకపోతే ఈ ఐదు నెలలూ 16,000 ఇస్తే చాలు. అలాగని మొండికేస్తే రెన్యువల్ దగ్గర ఇబ్బంది పడతారు. కబోర్డుల వరకు ఒప్పుకోవడమే మంచిదని మా సలహా. అయితే రెన్యువల్‌లో 5 శాతమో 10 శాతమో వేసేటప్పుడు 16,000 మీదే లెక్కగట్టమనండి. ఆ 700 విడిగా ఉండాలి, లేకపోతే దాని మీదా ఏటా పెంపు పడుతుంది.

మాట తేలకముందే ఫోన్‌పేలో 19,000 పంపేయకండి. ఒక్క నెల ఇచ్చినా, ఒప్పుకున్నారనడానికి ఆ రసీదే చూపిస్తారు.